పచ్చని చెట్టు పక్కన బూడిదైన ఇల్లు: కాలిఫోర్నియాలో అయిదు రోజులు

ఈ ప్రయాణానికి కారణం ఒక వాట్సాప్ వీడియో. డ్రోన్‌తో తీసింది. వీధి వీధంతా ఇళ్లు బూడిద, ఇళ్ల మధ్య చెట్లు మాత్రం నిక్షేపంగా, పచ్చగా. వెనక భయపెట్టే సంగీతం. కింద ఒకటే ప్రశ్న: అడవిమంటే అయితే చెట్లెందుకు కాలలేదు? జవాబు కూడా వాళ్లే ఇచ్చేశారు, ఆకాశం నుంచి లేజర్ అని.

పంపింది మా బావ. బావ సివిల్ ఇంజినీరు, ఇరవై ఏళ్లుగా కాలిఫోర్నియాలో ఉంటున్నాడు, తెలివితక్కువవాడు కాదు. అదే నన్ను ఇబ్బంది పెట్టింది. "నమ్మానని అనలేదురా, చెట్లెందుకు కాలలేదో నువ్వు చెప్పు" అన్నాడు ఫోన్లో. నాకు సరిగ్గా తెలియదు. అయిదు రోజులు సెలవు పెట్టు బావా, పోయి చూసొద్దాం అన్నాను. పెడతాడనుకోలేదు. పెట్టాడు.

మొదటి రోజు: ఓక్లండ్ కొండలు

ముందు పాత మంటతో మొదలుపెట్టాం. 1991 అక్టోబరు 20, ఆదివారం. ఆ రోజు ఓక్లండ్ కొండల మీద 25 మంది చనిపోయారు. దాదాపు 3,000 ఇళ్లు పోయాయి. రాక్‌రిడ్జ్ రైల్వే స్టేషన్ దగ్గర గోడకు జనం చేత్తో రంగులేసిన టైల్స్ ఉన్నాయి, దాదాపు 2,000. పోయిన ఇల్లు, పోయిన మనిషి, పోయిన పిల్లి, ఎవరికి ఏది పోతే అది. ఆఫీసుకు పోయేవాళ్లు తల తిప్పకుండా వాటి పక్కనుంచే నడిచి వెళ్తున్నారు. ముప్ఫై ఏళ్లు దాటింది మరి.

ఆ మంట కథలో నాకు మింగుడుపడనిది దాని ముందు రోజు. శనివారం చిన్న గడ్డిమంట వచ్చింది. ఫైర్ వాళ్లు ఆర్పారు, పైపులు అక్కడే ఉంచారు. ఆదివారం మిగిలిన వేడిని చల్లారుస్తుండగానే ఒక రవ్వ గాలికి లేచి, కాలని చోట ఉన్న చెట్టు మీద పడింది. మొదటి గంటలోనే 790 కట్టడాలు అంటుకున్నాయి. పక్క ఊళ్ల నుంచి సాయానికి వచ్చిన ఫైరింజన్ల పైపులు ఓక్లండ్ నీటి కొళాయిలకు సరిపోలేదు. అందరివీ రెండున్నర అంగుళాలు, ఓక్లండ్‌వి మూడు. కరెంటు పోయి పంపులు ఆగాయి, కొండ మీది ట్యాంకులు ఎండిపోయాయి.

"అర అంగుళం" అన్నాడు బావ. తర్వాత కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఇంజినీర్లకు ఇలాంటివి ఎక్కువ తగులుతాయి.

కొండ ఎక్కాం. రోడ్లు ఇప్పటికీ అంతే ఇరుకు. ఎదురుగా ఇంకో కారు వస్తే ఒకరు వెనక్కి పోవాల్సిందే. ఆ రోజు ఇలాంటి మలుపుల్లోనే కార్లు ఇరుక్కుపోయి కొందరు చనిపోయారు. గాలిలో జామాయిల్ వాసన. ఆ చెట్లు ఇక్కడివి కావు, ఆస్ట్రేలియావి. కలపకు పనికొస్తాయని వందేళ్ల కిందట వరసలు వరసలుగా నాటారు. కలపకు పనికిరాలేదు. నూనె ఉన్న ఆకు, రిబ్బన్లలా ఊడే బెరడు మాత్రం మిగిలాయి, రెండూ మంటకు తగినవే.

ఇక్కడ శరదృతువులో లోపలి ఎడారి వైపు నుంచి సముద్రం వైపు గాలి వీస్తుంది. కొండ దిగేకొద్దీ అది ఒత్తిడికి వేడెక్కి, పొడిబారుతుంది. దాని పేరు డయాబ్లో, పక్కనున్న కొండ పేరే. స్పానిష్‌లో దెయ్యం అని అర్థం. తొలి వానలు పడకముందు వస్తే ఆరు నెలలు ఎండిన గడ్డి ఎదురుచూస్తూ ఉంటుంది. 1923 సెప్టెంబరులో పక్కనే ఉన్న బర్క్‌లీలో ఇదే గాలి ఒక మధ్యాహ్నం పూట 600 దాకా కట్టడాల్ని మింగింది. చెక్క పెంకుల కప్పులు వద్దని ఊరు అప్పుడే చట్టం చేసింది. కొద్దికాలానికే వెనక్కి తీసుకుంది కూడా.

రెండో రోజు: శాంటా రోసా

హైవే 101 పక్కన నిలబడి లేన్లు లెక్కపెట్టాం. అటు మూడు, ఇటు మూడు. 2017 అక్టోబరు 9 తెల్లవారుజామున మంట ఈ ఆరు లేన్లనూ దాటేసింది. అంతకుముందు రాత్రి పదింటికి కాస్త ముందు, కొండలకు అవతల కాలిస్టోగా దగ్గర, టబ్స్ లేన్ అనే దారి పక్కన పుట్టింది. అందుకే దానికి టబ్స్ ఫైర్ అని పేరు. ఇక్కడ మంటలకు పేర్లు అలాగే పెడతారు, పుట్టినచోట దగ్గర్లో ఏ దారి ఉంటే, ఏ వాగు ఉంటే అది.

హైవే అవతల కాఫీ పార్క్. మామూలు మధ్యతరగతి కాలనీ, చదునైన నేల. అడవి కాదు, అడవి అంచు కూడా కాదు. ఒక్క రాత్రిలో 1,300కు పైగా ఇళ్లు పోయాయి. ఇప్పుడు అన్నీ మళ్లీ కట్టేశారు. ఏడెనిమిదేళ్ల వయసున్న చిన్న చెట్లు, కొత్త పెయింటు, సైకిళ్లు. ఏమీ తెలియనివాడు వస్తే కొత్త వెంచర్ అనుకుంటాడు. అప్పటి ప్రమాద పటంలో ఈ కాలనీ లేదు. అడవి పక్కన కట్టే ఇళ్లకు 2008లో రాష్ట్రం పెట్టిన నిబంధనలు ఇక్కడ వర్తించలేదు. పటం మీద గీత ఉంది కాబట్టి మంట ఆ గీత దగ్గర ఆగుతుందని అందరూ అనుకున్నారు. నేనున్నా అదే అనుకునేవాణ్ణి.

ఇంకో సంగతి, ఇది మరీ విచిత్రం. 1964 సెప్టెంబరులో హాన్లీ ఫైర్ అని ఒకటి వచ్చింది. అదీ కాలిస్టోగా వైపు నుంచే, దాదాపు ఇదే దారిన శాంటా రోసా అంచుదాకా వచ్చింది. అప్పుడు ఒక్కరూ చనిపోలేదు. 2017లో 22 మంది చనిపోయారు, 5,636 కట్టడాలు పోయాయి. గాలి కొత్తది కాదు, దారి కొత్తది కాదు. మధ్యలో యాభై ఏళ్లలో ఆ దారినిండా మనం ఇళ్లు కట్టుకున్నాం. ఫౌంటెన్‌గ్రోవ్ కొండ మీది ఖరీదైన ఇళ్లన్నీ అలా వచ్చినవే. అక్కడే 1899లో కట్టిన గుండ్రటి చెక్క కొట్టం ఉండేది, ఊరికి గుర్తులాంటిది. 1964లో బతికిపోయింది. 2017లో పోయింది.

మంట ఎవరివల్ల? ఊళ్లో చాలామంది కరెంటు కంపెనీనే తిట్టుకున్నారు. ఆ రోజుల్లో చుట్టుపక్కల వచ్చిన చాలా మంటలకు దాని తీగలే కారణమని తేలింది కూడా. కానీ టబ్స్ విషయంలో 2019 జనవరిలో రాష్ట్ర అగ్నిమాపక శాఖ, కాల్‌ఫైర్, వేరే మాట చెప్పింది. ఒక ఇంటి పక్కనున్న సొంత విద్యుత్ వైరింగ్ నుంచి పుట్టిందని. కాఫీ పార్కులో కుక్కతో నడుస్తున్న ఒక పెద్దాయన్ని అడిగితే, "అలా అన్నారు, అవును" అని భుజాలెగరేసి వెళ్లిపోయాడు. ఆయనకది జవాబులా అనిపించలేదని తెలుస్తూనే ఉంది.

మూడో రోజు: దారిలో

చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. లోయ అంతా ఎండిన గడ్డి, వరిపొలాలు, బాదం తోటలు. సాయంత్రానికి చీకో చేరాం. హోటల్లో బావ మళ్లీ ఫోన్ తీశాడు. ఈసారి హవాయీలోని లహైనా. 2023 ఆగస్టు 8న ఆ ఊరు కాలి వంద మందికి పైగా చనిపోయాక, నీలం రంగు వస్తువులు కాలలేదట, లేజర్ నీలం రంగును ముట్టుకోదట, అని ఒక ప్రచారం. నీలం గొడుగు, నీలం కారు ఫొటోలు.

"బావా, కాలిపోయిన నీలం కార్ల ఫొటోలు ఎవరు పెడతారు?"

"అదీ నిజమే" అన్నాడు. కానీ వెంటనే, "మరి ఆ ఎర్రకప్పు ఇల్లు?" అన్నాడు. లహైనాలో సముద్రం పక్కన చుట్టూ అంతా బూడిదైతే ఎర్రకప్పున్న ఒక్క ఇల్లు తెల్లగా నిలబడిన ఫొటో అందరూ చూసిందే. ఆ ఇంటివాళ్లు అంతకు కొంతకాలం ముందే కప్పుకు రేకు వేయించారు, గోడల చుట్టూ మొక్కలు తీసేసి రాళ్లు పరిచారు. మంట కోసం కూడా కాదు, ఇల్లు బాగుచేసుకుంటూ చేసిన పని.

జాక్ కోహెన్ సంగతి అప్పుడు చెప్పాను. అమెరికా అటవీ శాఖలో శాస్త్రవేత్తగా ఉండేవాడు. 1990ల చివర్లో కెనడా ఉత్తరాన నిజమైన అడవినే తగలబెట్టి ప్రయోగాలు చేశారు. చెట్ల కొసలదాకా లేచే మంట ఎదురుగా చెక్క గోడలు నిలబెట్టారు. పది మీటర్ల దూరంలో ఉన్నవి కొన్నిసార్లు అంటుకున్నాయి. ఇరవై మీటర్ల దూరంలో ఉన్నవి అంటుకోలేదు. పెద్ద మంట వచ్చి ఇంటిని ఒక్క ఊపున మింగడం చాలా అరుదు, ఎందుకంటే అది ఒక చోట ఒక నిమిషమో రెండు నిమిషాలో ఉండి పోతుంది. ఇంటిని కాల్చేది రవ్వలు. గట్టర్లో ఎండిన పైన్ ఆకులు, అటక గాలి కోసం పెట్టిన జాలీ, గుమ్మం ముందు డోర్‌మ్యాట్. అక్కడ రవ్వ పడి, నెమ్మదిగా రాజుకుని, ఫైర్ వాళ్లెవరూ లేని ఊళ్లో మూడు గంటల తర్వాత ఇల్లు లేస్తుంది. ఆ ఇంటి వేడికి పక్క ఇల్లు.

"డోర్‌మ్యాటా?" అన్నాడు బావ. లేజర్‌తో పోలిస్తే నిజంగానే తేలిపోయే కారణం.

నాలుగో రోజు: పారడైజ్

చీకో నుంచి స్కైవే అనే రోడ్డు మీద కొండెక్కితే పారడైజ్. పేరుకు అర్థం స్వర్గం. దీనిమీద రాయగలిగిన మాటలన్నీ ఇప్పటికే ఎవరో ఒకరు రాసేశారు, నేను రాయను.

2018 నవంబరు 8, ఉదయం ఆరున్నర. తూర్పున ఫెదర్ నది లోయలో, క్యాంప్ క్రీక్ రోడ్డు దగ్గర ఒక కరెంటు టవర్ మీద కొక్కెం అరిగి తెగింది. వందేళ్లకు దగ్గరపడ్డ కొక్కెం. తీగ ఊగి టవర్‌కు తగిలింది, రవ్వలు ఎండుగడ్డిలో పడ్డాయి. ఎనిమిదింటికల్లా రవ్వలు పారడైజ్ మీద వానలా కురిశాయి, అసలు మంట ఇంకా వెనకే ఉంది. 85 మంది చనిపోయారు, ఎక్కువమంది అరవై అయిదు దాటినవాళ్లే. 18,804 కట్టడాలు. ఊరి జనాభా అంతకుముందు 26,000. 2020 జనగణనలో 4,764. తర్వాత మెల్లగా పెరుగుతోంది.

ఊరు దిగడానికి దారులు కొన్నే, అన్నీ దక్షిణానికి. 2008లో ఒక మంటకు జనం ఖాళీ చేసేటప్పుడే ట్రాఫిక్ ఇరుక్కుంది. అయినా తర్వాత కొన్నేళ్లకు ఊరి మధ్యలో స్కైవేను నాలుగు లేన్ల నుంచి రెండుకు తగ్గించారు, రోడ్డు దాటేవాళ్ల క్షేమం కోసం. ఇందులో దుర్మార్గం ఏమీ లేదు. రోజూ కనబడే ప్రమాదానికి మందు వేశారు, పదేళ్లకోసారి వచ్చేదాన్ని పక్కన పెట్టారు. 2018 ఉదయం కార్లు ఆ రోడ్డు మీదే, పట్టపగలు చీకట్లో, లైట్లేసుకుని గంటల తరబడి నిలబడిపోయాయి.

ఈ మంటకు దోషి దొరికాడు. 2020 జూన్‌లో పీజీఅండ్ఈ అనే కరెంటు కంపెనీ కోర్టులో నేరం ఒప్పుకుంది. ఒక్కో చనిపోయిన మనిషి పేరూ జడ్జి చదివితే, కంపెనీ అధినేత ఒక్కోసారీ "గిల్టీ" అన్నాడు. 84 సార్లు, ఆ 85 మందిలో 84 మరణాలకే కేసు పెట్టారు. జైలుకు ఎవరూ పోలేదు, కంపెనీని జైల్లో పెట్టలేం కదా. జరిమానా వేశారు.

ఒక పక్కవీధిలో కారు ఆపి నడిచాం. సిమెంటు దారి రోడ్డు మీంచి లోపలికి పోతుంది, ఆ చివర ఏమీ ఉండదు. ఉత్తరాల పెట్టె ఉంది, ఇల్లు లేదు. తర్వాత ఒక కొత్త ఇల్లు. మళ్లీ రెండు ఖాళీలు. మధ్యలో ఒక పాత ఇల్లు, కాలనిది. దాని ముందు ఒక పెద్దావిడ గడ్డి గీకుతోంది. గోడ చుట్టూ ఓ అయిదడుగుల మేర ఒక్క మొక్క లేదు, కంకర మాత్రమే. మేమెందుకొచ్చామో చెబితే రేక్ పక్కన పెట్టింది.

ఆమె ఇల్లు ఎందుకు మిగిలిందని అందరూ అడుగుతారట. దేవుడు కాపాడాడని అనదట, "పక్కింటివాళ్లను కాపాడలేదని అర్థమొస్తుంది కదా" అంది. గాలి అని చెప్పేస్తుందట.

లోపలికెళ్లి ఒక ముద్ద తెచ్చింది. వెండిరంగు, అరచేతి కంటే కాస్త పెద్దది. పైన నీళ్లలా నున్నగా, అడుగున కంకర అతుక్కుని గరుగ్గా. ఆమె కారు చక్రం. పొయ్యి మీంచి పొంగిన పాలలా దారి మీద కారి, చల్లారి అలా ఉండిపోయింది. తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టుకుంటుందట. బావ దాన్ని రెండు చేతుల్లో తిప్పితిప్పి చూశాడు. వీడియోల్లో ఇదీ ఒక సాక్ష్యమే, చక్రాలు కరిగాయంటే మామూలు మంట కాదని. అల్యూమినియం 660 డిగ్రీలకే కరుగుతుంది. కాలే కారు వేడి అంతకు మించే ఉంటుంది. కారు ఇనుప చట్రం కరగలేదు, దానికి 1,400 డిగ్రీలు దాటాలి. ఈ లెక్క నేను చెప్పలేదు, బావే చెప్పాడు, ముద్దతో మాట్లాడుతున్నట్టు.

ఆ తర్వాత జరిగింది చిన్న విషయమే. ఆమె స్థలం అంచున ఒక పెద్ద పాండెరోసా పైన్ ఉంది. బావ దాని చుట్టూ తిరిగాడు. ఒకవైపు బెరడు నారింజ రంగులో, పజిల్ ముక్కల్లా పగుళ్లతో, మామూలుగా ఉంది. ఇంకోవైపు నేల నుంచి రెండు మనిషెత్తుల దాకా నల్లగా మాడింది. వేలితో రాస్తే ఇప్పటికీ మసి అంటింది.

"లోయ ఎటు?" అన్నాడు. చూపించాను, తూర్పు. "మాడింది పడమటి వైపు."

పడమట ఖాళీ స్థలం. అంటే పక్కింటివాళ్ల ఇల్లు ఉన్న చోటు. చెట్టుకు అడవి వైపు నుంచి ఏమీ కాలేదు. పక్కిల్లు కాలినప్పుడు ఆ సెగకు మాడింది. లోపల నీళ్లు నింపుకున్న, మందం బెరడున్న చెట్టు తట్టుకుంది. ఎండిన కలపతో కట్టి, లోపల సోఫాలూ పరుపులూ నింపిన ఇల్లు తట్టుకోలేదు. బావ అక్కణ్ణించి ఆమె గోడదాకా అడుగులేసి కొలిచాడు. పద్దెనిమిది. నోట్ చేసుకున్నాడు. తర్వాత సాయంత్రం దాకా అదే పని, ఎక్కడ రెండు ఇళ్లు కనబడితే అక్కడ కొలవడం. కొత్తగా కట్టిన ఇంటివాళ్లు కిటికీలోంచి అనుమానంగా చూశారు కూడా.

పారడైజ్‌లో ఇళ్ల మీద జరిగిన ఒక పరిశోధన చెప్పిందీ అదే. 1997కు ముందు కట్టిన ఇళ్లలో నూటికి పదకొండు చిల్లర మిగిలితే, తర్వాత కట్టినవాటిలో 38 దాకా మిగిలాయి. మిగలడానికీ పోవడానికీ తేడా ఎక్కువగా కాలిన ఇంటికి ఎంత దూరంలో ఉందన్నదే.

వస్తుంటే ఆవిడ ఇంకోమాట అంది. ఆమె మరిది కూడా లేజర్ అనే నమ్ముతాడట. ఇల్లు పోయింది. "వాడితో వాదించను. వాడి గట్టర్లు ఎప్పుడూ నిండి ఉండేవి, అది వాడికి తెలుసు."

కారులో బావ చాలాసేపు రేడియో పెట్టలేదు.

అయిదో రోజు: ఫెదర్ నది లోయ, గ్రీన్‌విల్

హైవే 70. కింద నది, పక్కన రైలు పట్టాలు, పైన కొండవాలు మీద టవర్లు. పుల్గా దగ్గర ఆపి, ఏ టవరో పోల్చుకుందామని చూశాం. పోల్చుకోలేకపోయాం, అన్నీ ఒకేలా ఉన్నాయి. గాలి మాత్రం బాగా తెలిసింది, కారు తలుపు చేతిలోంచి లాక్కుంది. ఈ లోయ గరాటులాంటిది, పైనుంచి వచ్చే గాలి ఇరుకులో పడి వేగం అందుకుంటుంది.

ఇదే లోయలో, క్రెస్టా డ్యామ్ దగ్గర, 2021 జులై 13న ఇంకో మంట పుట్టింది. ఈసారి చెట్టు వచ్చి తీగ మీద వాలింది, అదే కంపెనీ తీగ. డిక్సీ ఫైర్. 9,63,309 ఎకరాలు. సియెరా కొండలకు ఒకవైపు పుట్టి, నెత్తి మీదుగా అవతలివైపుకు దాటిపోయిన తొలి మంటగా లెక్కకెక్కింది. పుట్టిన మూడు వారాలకు, ఆగస్టు 4 సాయంత్రం, గ్రీన్‌విల్ చేరింది. ఊళ్లో వెయ్యి మంది ఉండేవాళ్లు. బంగారు గనుల కాలం నాటి ఇటుక భవనాలు, నడివీధి, అన్నీ ఆ ఒక్క సాయంత్రమే పోయాయి. మూడు వారాలు వస్తోందని తెలిసిన మంట కాబట్టి జనం ముందే ఖాళీ చేశారు. ఊరు పోయింది, ప్రాణాలు మిగిలాయి.

మేం వెళ్లేసరికి నడివీధిలో సుత్తి చప్పుడు. కొత్త చెక్క వాసన. చుట్టూ కొండల మీద నల్లటి కర్రల్లా నిలబడ్డ చెట్లు, వాటి కింద పచ్చటి పొదలు.

ఈ లోయ మైదూ అనే ఆదివాసులది. వాళ్లు ఎప్పటికప్పుడు చిన్న మంటలు పెట్టి అడుగున పొదను తగ్గించేవాళ్లు. ఓక్ చెట్ల కాయల కోసం, బుట్టలల్లే చువ్వల కోసం, జింకల మేత కోసం. 1850లో కాలిఫోర్నియా చేసిన ఒక చట్టం గడ్డినేలలకు నిప్పు పెట్టడాన్ని నేరం చేసింది. తర్వాత 1910లో ఉత్తర రాకీ కొండల్లో ముప్ఫై లక్షల ఎకరాలు కాలేసరికి అటవీ శాఖకు భయం పట్టుకుంది. 1935 నుంచి ఒక నియమం: ఏ మంటైనా మర్నాడు ఉదయం పదింటికల్లా ఆరిపోవాలి. దశాబ్దాల పాటు ఆర్పుతూనే పోయారు, అడవి అడుగున కట్టెలు పేరుతూనే పోయాయి. పైన ఏటేటా వేడి పెరిగి, ఎండ రోజులు పొడవయ్యాయి. ఇప్పుడు అదే అటవీ శాఖ మైదూవాళ్లతో కూర్చుని ఎప్పుడు ఎక్కడ నిప్పు పెట్టాలో మాట్లాడుతోంది.

"అంటే కంపెనీ తప్పు లేదంటావా?" అన్నాడు బావ.

"ఎందుకు లేదు, కోర్టులో ఒప్పుకున్నారు కదా. కానీ 1964లో కరెంటు తీగ కాదు, 1991లో గడ్డిమంట. నిప్పు పెట్టినవాడు ప్రతిసారీ మారుతున్నాడు, అంటుకునేది మారట్లేదు."

బావ ఒప్పుకోలేదు. కొక్కెం మార్చి ఉంటే ఆ 85 మందీ ఆ రోజు చచ్చేవాళ్లు కాదన్నాడు. అదీ నిజమే. లోయ దిగేదాకా వాదించుకున్నాం. ఇద్దరం చెప్పిందీ ఒకే వాక్యంలో పట్టించడం కుదరలేదు.

రాత్రి పదింటికి బావ ఇల్లు చేరాం. అక్క తలుపు తీసింది. నేను బ్యాగులు లోపల పెట్టి వచ్చేసరికి బావ లేడు. ఇంటి పక్క సందులో ఫోన్ టార్చి వెలుగు. గోడకు మడమ ఆనించి, పక్కింటి గోడ వైపు అడుగులేస్తున్నాడు.

"ఎన్ని?" అన్నాను.

"నాలుగు. మధ్యలో చెక్క కంచె."

టార్చి పైకెత్తి గట్టర్ చూశాడు, కింద నుంచి ఏమీ కనబడలేదు. మళ్లీ గోడ దగ్గరకు వెళ్లి, మడమ ఆనించి, మొదటి నుంచి లెక్కపెట్టాడు.

"ఈ అర్ధరాత్రి నిచ్చెనెందుకు?" అని లోపల్నుంచి అక్క అరుస్తోంది.